ఎనభై ఎనిమిది మార్కుల మూల

మా చెల్లెలి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా పుస్తకం ముట్టొద్దన్నారు. అది సగంలో వదిలేసిన నవలని రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో నేనే చదివి వినిపిస్తున్నాను. రేపు కట్టు విప్పుతారు. ఒక్క అధ్యాయం మిగిలింది. దాన్ని అది ఒంటరిగా చదువుకోవడం నాకిష్టం లేదు. ఈ సాయంత్రమే నా నోటితో పూర్తి చేయాలి.

కాల్ మాటిమాటికీ తెగిపోతోంది. తెరమీద దాని మొహం కదలకుండా ఆగిపోయినప్పుడల్లా పేజీలో వేలు పెట్టుకుని మళ్ళీ కాల్ చేస్తున్నాను.

పొద్దున కోడలు డ్యూటీకి వెళ్తూ నా ఫోన్లో ఏదో యాప్ పెట్టింది. "వైఫై ఎంత అందుతోందో ఇందులో అంకె పడుతుంది అత్తయ్యా. ఇల్లంతా తిరిగి మంచి అంకె ఉన్నచోట కూర్చోండి" అంది.

తిరిగాను. ముందుగదిలో, వైఫై పెట్టె పక్కనే, నలభై. ఇంత దగ్గరుండి పాసు మార్కులేనా అనుకున్నాను. వంటింట్లో అరవై రెండు. సామాన్ల గదిలో, ఇనప బీరువా వెనక, ఎనభై ఎనిమిది! ట్రంకుపెట్టె తుడుచుకుని, సాయంత్రం కాగానే పుస్తకంతో అక్కడ చేరాను.

"అక్కా, ఎక్కడున్నావు, బావిలోనా?" అంది చెల్లెలు. రెండు వాక్యాలు చదివానో లేదో మొహం ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

అప్పుడే ఇంటికొచ్చిన కోడలు బీరువా వెనకనుంచి నన్ను బయటికి లాగింది.

"ఎనభై ఎనిమిదే తల్లీ, ఇంకెంత రావాలి?"

"అంకెకి ముందు చిన్న గీత లేదూ? అది మైనస్. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. గోడలు, ఈ బీరువా అడ్డమొచ్చి ఇక్కడ అస్సలు అందట్లేదు."

"గీతా? మరకేమో అనుకుని కొంగుతో తుడిచాను."

కోడలు నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. నాకూ నవ్వొచ్చింది. చేయిపట్టుకుని తీసుకెళ్ళి నన్ను ముందుగదిలో కూర్చోబెట్టింది.

ఈసారి చెల్లెలి బుగ్గమీద సొట్ట కూడా కనిపించింది. అధ్యాయం సాంతం ఒక్క ఊపున చదివాను. ఆఖరి మాట అయ్యాక పుస్తకం మూయబుద్ధి కాలేదు.

"రేపట్నించి నీకు నాతో పని లేదుగా" అన్నాను.

"ఎందుకు లేదు? రేపట్నించి నేను చదువుతాను, నువ్వు విను. నువ్వు చదివితే నవల్లో దొంగ కూడా భయపడుతూ మాట్లాడుతున్నాడు."

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

"అయితే లావు పుస్తకం తియ్యవే" అన్నాను.