వంటగదికీ ముందు గదికీ మధ్య

ఈ మాట హలోమ్మ ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు తెరిచి అనలేదు. ఆమె కాపురంలో అన్నిటికంటే హాయిగా గడిచినవి రెండేళ్ళు. ఆమె రిటైరై, ఆయనింకా రిటైరు కాని ఆ రెండేళ్ళూ.

అలాగని ఆయనలో వంక పెట్టడానికేం లేదు. తాగడు, అరవడు, కూరలో ఉప్పు తక్కువైతే తనే లేచి వేసుకుంటాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నలుగురికీ చెప్పుకుని ఏడవడానికైనా వీలుండేది. ఆ రెండేళ్ళూ పొద్దున్న ఎనిమిదింటికి సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళిపోయేవాడు, సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. మధ్యలో పది గంటలు ఇల్లంతా ఆమెదే. కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని, టీ గ్లాసు పట్టుకుని, వీధిలో పోయే గొడుగుల్నీ కుక్కల్నీ చూస్తూ కూర్చునేది. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఒక పెద్ద కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుని, రోజుకి వెయ్యిసార్లు "హలో, ఎవరు కావాలండీ?" అని అడిగిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఆ ఉద్యోగం వల్లే వీధిలో ఆమె హలోమ్మ అయింది. ఇంట్లో మాత్రం ఫోను ముట్టుకునేది కాదు. కూతురు కొనిచ్చిన సెల్‌ఫోను వంటగది సొరుగులో గరిటెల మధ్య పడుకుని ఉండేది. కూతురు చేస్తే ఎత్తేది, అంతే. తనంతట తాను ఎవరికీ చేసింది లేదు. "ఈ జన్మకి సరిపడా హలోలు అనేశాను" అనేది.

ఆయన్ని వీధంతా మీటరాయన అంటుంది. ముప్ఫై ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్న మనిషి. ఎవరింట్లో మెట్ల కింద ఏ మూల బూజు పట్టిందో చెప్పగలడు గానీ, సొంతింట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో చెప్పలేడు. ఎండలు తగ్గుముఖం పట్టాక ఆయనా రిటైరయ్యాడు. మర్నాడు ఎనిమిదింటికి అలవాటు కొద్దీ చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. కాసేపు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి నేరుగా వంటగదిలోకి వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఉల్లిపాయలు తరుగుతున్నా."

"ఎన్ని?"

"రెండు."

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.

"ఏం రాస్తున్నారండీ?"

"ఏం లేదు. ఊరికే."

వారం తిరిగేసరికి ఫ్రిజ్ తలుపు రోజుకి ఇరవై ఆరుసార్లు తెరుచుకుంటోందని తేల్చాడు. టీ నీళ్ళు మరగడానికి నాలుగు నిమిషాల నలభై సెకన్లు పడుతోంది. ఆమె ఆవలింతలు నిన్నటికంటే రెండు ఎక్కువ. ఇవన్నీ ఆయన నేరం మోపుతున్నట్టు చెప్పేవాడు కాదు, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పేవాడు. ఒకరోజు తన సెల్ నంబరు గుండ్రంగా చీటీ మీద రాసి, వంటగది అల్మరా తలుపుకి అంటించాడు. పైన "అవసరమైతే" అని రాసి, కింద గీత కూడా కొట్టాడు.

"పొద్దస్తమానం నా వెనకే నిలబడి ఉండే మనిషికి ఫోనెందుకండీ?"

"ఉంటుందిలే. ఎప్పుడో అప్పుడు."

ఆయన అటు తిరగగానే ఆమె ఆ చీటీ మీదుగా చేతిగుడ్డ తగిలించేసింది.

వీధి చెట్ల ఆకులు పసుప్పచ్చగా తిరుగుతున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఆమె కూర వేయిస్తుంటే, ఆయన భుజం మీదుగా తొంగిచూసి, "ఇప్పుడు కలిపితే ఇరవై మూడోసారి" అన్నాడు. ఆమె నోటితో ఏమీ అనలేదు. మనసులో మాత్రం "దేవుడా, కాస్త ఎడం" అనుకుంది.

మర్నాడు లేచి చూస్తే వంటగదికీ ముందు గదికీ మధ్య ఇంకో గది ఉంది.

చిన్న గదే. ఒక కిటికీ, ఒక కుర్చీ, తలుపు పైన ఒక కరెంటు మీటరు. కొత్త సున్నం వాసన వేస్తోంది. హలోమ్మ చీపురు తెచ్చి ఊడ్చింది. మీటరాయన కళ్ళద్దాలు పెట్టుకుని తల పైకెత్తి చూసి, "సింగిల్ ఫేజు" అన్నాడు. "తిరగడం లేదు. సున్నా దగ్గరుంది."

గిన్నె తిరిగి ఇచ్చేద్దామని వచ్చిన ఎదురింటి దర్జీ ఆ గదిలోంచి నడిచి వస్తూ, కిటికీ రెక్క లాగి చూసింది. "మీకూ మొదలైందా వదినా? మా ఆయన పని మానేసిన ఏడాది మాకు మూడొచ్చాయి. ఒకదాంట్లో మిషను వేసుకున్నా. వెలుతురు బావుండేది."

"ఇప్పుడవి ఏవీ?"

"పోయాయి" అని గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమెకి పని తొందర.

ఆ తర్వాత హలోమ్మ ఎడం కావాలనుకున్నప్పుడల్లా ఒక గది వచ్చింది. పది రోజుల్లో ఆరయ్యాయి, ఇంకో వారానికి పదకొండు. బయటినుంచి చూస్తే ఇల్లు ఎప్పటంతే. ఆమె మళ్ళీ కాలు మీద కాలేసుకుని టీ తాగసాగింది. ఆయన అటక మీంచి పాత సంచీ దింపి, దులిపి, భుజాన తగిలించుకున్నాడు. ఎనిమిది కొట్టగానే ముందు గదిలోంచి బయల్దేరేవాడు. ప్రతి తలుపూ తట్టి, "మీటరండీ!" అనేవాడు. లోపల ఎవరూ లేకపోయినా మర్యాదగా కాసేపు ఆగి, తలుపు తోసి, సున్నా అని రాసుకుని, "వస్తానమ్మా" అని కుర్చీకి చెప్పి తరవాతి గదికి కదిలేవాడు. ఇద్దరికీ ఒళ్ళు తేలికపడింది. వాళ్ళు అంత అన్యోన్యంగా ఎన్నడూ లేరు.

మధ్యాహ్నం ఆరో గదిలో కలుసుకునేవాళ్ళు, ఒకే బస్సెక్కే ఇద్దరు మనుషుల్లా.

"బావున్నావా?"

"బావున్నానండీ. మీవైపు ఎలా ఉంది?"

"గాలి బాగా వస్తోంది. ఆకులు లోపలికొచ్చి పడుతున్నాయి. మీవైపో?"

"మావైపు పొడిగానే ఉంది."

టీ తీసుకెళ్ళేసరికి చల్లారుతోందని ఆమె ఫ్లాస్కులో పోసి ఆరో గదిలో పెట్టి రావడం మొదలుపెట్టింది. రాత్రుళ్ళు అంత దూరం నడిచే ఓపిక లేక ఆయన ముందు గదిలోనే పడుకునేవాడు, ఆమె వంటగది పక్కన చాప వేసుకునేది. కొన్నాళ్ళకి ఆరో గదికి ఆయన రావడం మానేశాడు. రూటు పెరిగింది కదా, వేళ కుదరడం లేదేమో అనుకుంది. ఫ్లాస్కు మాత్రం ఖాళీ అయ్యేది. మనిషి ఉన్నట్టే లెక్క.

ఒకరోజు పదిగంటలప్పుడు వంటగది తలుపు ఎవరో తట్టారు.

"మీటరండీ!"

హలోమ్మకి నవ్వొచ్చింది. పెద్దాయన సరసానికి దిగాడనుకుని, చేతులు తుడుచుకుని తలుపు తీసింది. ఆయనే. చొక్కా చెమటకి తడిసింది, కళ్ళద్దాలు ముక్కు కొసకి జారాయి. ఆమె మొహంలోకి చూడలేదు. గుమ్మం పైన ఉన్న ఇంటి పాత మీటరు చూసి రాసుకుని, పెన్సిలు చెవికి దోపుకున్నాడు.

"పొద్దున్నించీ చూసినవాటిలో ఇదొక్కటే తిరుగుతోందమ్మా. కాసిని మంచినీళ్ళిస్తారా?"

ఆమె నవ్వు సగంలో ఆగింది. ఆయన రోజూ తాగే సొట్టగ్లాసుతోనే నీళ్ళిచ్చింది. గటగటా తాగేశాడు.

"మీ ఇంట్లో నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా."

"మీ ఇల్లు అంటారేంటండీ? వేళాకోళమా?"

ఆయన మర్యాదగా నవ్వాడు. కుక్క ఉందో లేదో తెలియని ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఆయన నవ్వే నవ్వు అది. ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆ నవ్వు ఆమె ఎప్పుడూ చూడలేదు. అది పరాయివాళ్ళకి దాచిపెట్టిన నవ్వు.

"ఇక ఇంటికి పోవాలమ్మా. మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

"చూస్తుందా?" అని మాత్రం అడగగలిగింది.

"చూస్తుందమ్మా. పైకి చెప్పదు" అని గ్లాసు ఆమె చేతికిచ్చి, "వస్తాను" అని వెళ్ళిపోయాడు. ఒకదాని వెనక ఒకటి తలుపులు మూసుకుంటున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది.

హలోమ్మ పొయ్యి ఆర్పి ఆయన వెనకే బయల్దేరింది. పదకొండు గదులూ దాటింది. పన్నెండోది వచ్చింది. పద్నాలుగు వచ్చాయి. ఈమధ్య "ఎడం" అని అనుకున్న గుర్తు కూడా లేదు, అలవాటైపోయి తెలియకుండానే అనుకుంటోంది కాబోలు. ప్రతి గదిలోనూ మడమ లోతున ఎండుటాకులు. "ఏమండీ!" అని కేకేసింది. ఆ కేక మూడో గుమ్మం దాటేలోపే నీరసించింది. ఇరవయ్యో గదిలో మోకాళ్ళు మొరాయిస్తే, గోడ పట్టుకుని వెనక్కి వచ్చి, దొడ్డి గుమ్మంలోంచి బయటపడి, ఇల్లు చుట్టూ తిరిగి ముందువైపుకి వచ్చింది. తలుపు లోపల గడియ వేసి ఉంది, ఎంత బాదినా ఎవరూ పలకలేదు. ఎదురింటికి వెళ్ళింది.

దర్జీ మిషను ఆపింది.

"ఆయన నన్ను అమ్మా అన్నాడు" అంది హలోమ్మ.

"అయ్యో. మా ఆయనా అంతే వదినా. ఆయనా దర్జీయేగా, ఎవరో బేరం వచ్చారనుకుని నన్ను కొలతలిమ్మన్నాడు. నన్ను! దర్జీని!"

"ఎలా పోయాయమ్మా మీ గదులు? ఇందాకట్నుంచీ పొమ్మనుకుంటూనే ఉన్నా. ఇంకా పెరుగుతున్నాయి."

"రావడానికైతే అనుకుంటే చాలు. పోవడానికి నోరు తెరిచి అడగాలి."

"గదుల్నా?"

"గదుల్ని అడిగితే ఏం వస్తుంది? మనిషిని." దర్జీ దారం కొరికి తెంపింది. "నాకైతే మూడే కాబట్టి అరిచినా వినబడింది. నీకు ఎన్ని?"

హలోమ్మ చెప్పింది. దర్జీ టేపు మెళ్ళోంచి తీసి, మళ్ళీ వేసుకుంది. "అంత దూరం గొంతు పోదు వదినా. తొందరగా చూడు. తిరిగి తిరిగి ఎవరింట్లోనైనా తేలితే కష్టం. మర్యాదస్తుడు, ఉండమంటే ఉండిపోతాడు."

హలోమ్మ ఇంటికొచ్చి వంటగదిలో పీట వేసుకుని కూర్చుంది. గుమ్మం పైన మీటరు గడియారం ముల్లు కదిలినంత మెల్లగా తిరుగుతోంది. ఆయన లేకుండా, ఎవరూ ఏమీ అడగకుండా గడిచే మధ్యాహ్నం. సరిగ్గా ఆమె కోరుకున్నదే. టీ పెట్టుకుందామని లేచి, నీళ్ళు మరగడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూస్తూ నిలబడింది. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. నిజమే. ఆ మాట చెప్పడానికి వెనక్కి తిరిగింది. వెనకాల ఎవరూ లేరు.

చేతిగుడ్డ తీసింది. చీటీ ఉంది. కాస్త నూనె మరకపడ్డా అంకెలు గుండ్రంగా, గీత తిన్నగా ఉన్నాయి. కంపెనీలో నాలుగొందల మంది నంబర్లు నోటికొచ్చిన మనిషికి ఈ పది అంకెలూ కొత్తగా కనిపించాయి. ఒక్కసారి కూడా చేయలేదు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, రోడ్ల మీద తిరిగే మనిషిని ఎందుకు కదిలించడం అనుకుంది. వచ్చాక, వెనకే ఉన్నాడు కదా అనుకుంది. వెయ్యిమందిని వెయ్యిమందితో కలిపింది గానీ, తనకంటూ ఎవరినీ కలపమని అడగలేదు.

సొరుగు లాగి గరిటెలు పక్కకి తోసింది. ఫోను చల్లగా ఉంది. చార్జింగు ఒక గీత మిగిలింది. ఆయన ఎత్తకపోతే? ఎత్తి, ఆ పరాయి నవ్వు గొంతులో పెట్టుకుని, "హలో, ఎవరు కావాలమ్మా?" అంటే?

అదే ప్రశ్న. జీవితమంతా తను అడిగిన ప్రశ్న, తననెవరూ అడగని ప్రశ్న. అడిగితే ఏం చెప్పాలో ఆలోచించింది. ఒకసారి మనసులో అనుకుని, అలా చాలదని గుర్తొచ్చి, ఖాళీ వంటగదిలో గొంతు సవరించుకుని పైకే అనిచూసుకుంది.

"మీరే. టీ చల్లారిపోతోంది, రండి."

కళ్ళద్దాలు పెట్టుకుంది. చీటీ దగ్గరికి జరిగింది. చేసేద్దాం, ఇక ఆలస్యం లేదు, అనుకుని మొదటి అంకె కోసం వేలు ముందుకు చాపింది.