చీమ పట్టని మిఠాయి

ఎడమ చేతిలో చన్నీళ్ళ గిన్నె, ఆ నీళ్ళలో కుడి చేతి వేళ్ళు. మరుగుతున్న బాండీ మీదికి ఒంగి, తెడ్డు అంచున కారుతున్న పాకాన్ని తడివేళ్ళతో అందుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒత్తి విడదీసింది. తీగ సాగి, సగంలో తెగింది.

"ఇంకా కాలేదు," అంది.

మంట తగ్గించబోయిన పొయ్యిమనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మిఠాయిబిళ్ళల కార్ఖానాలో ఆ మాటకు ఎదురు లేదు. అందరూ ఆమెను పాకమక్క అంటారు. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా అక్క అనే అంటారు. ఆమె వేలు 'అయింది' అనేదాకా పాకం అచ్చుల్లోకి దిగదు, దిగాక ఆమె వైపు ఎవరూ చూడరు.

పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి ఒకే పక్కనుంచి పొయ్యి మీదికి ఒంగడంవల్ల ముఖంలో కుడి సగం ఎడమ సగం కంటే ఒక ఛాయ నలుపు. కనుబొమలు ఆవిరికి పలచబడిపోయాయి. వేళ్ళ కొసలు గీతలన్నీ అరిగి గచ్చులా నున్నగా ఉంటాయి. వాటికి వేడి తెలియదు. ఇంట్లో పొగలు కక్కే టీ కప్పును పిడి వదిలేసి ఒట్టి వేళ్ళతో చుట్టి పట్టుకుంటే చూసేవాళ్ళే 'అబ్బా' అంటారు.

రెండోసారి తీగ తెగలేదు. "దించు," అని పక్కకు జరిగి, ఎడమ భుజాన్ని గోడకేసి ఒత్తుకుంది.

"మళ్ళీ భుజమేనా? ఎవరికైనా చూపించుకోరాదూ?" అన్నాడు పొయ్యిమనిషి.

"ఇన్నేళ్ళు తెడ్డు తిప్పిన భుజం నొప్పెట్టక పాట పాడుతుందా?" అంది.

నిజానికి ఆవేళ ఆమెకు భుజం మీదా మనసు లేదు, పాకం మీదా లేదు. ముందురోజు భోజనాల దగ్గర తమ్ముడన్న మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. వాడు పెళ్ళాం చేసిన బాదంబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కరకరా నమిలి, "దీని చేతిలో ఏదో ఉందక్కా! చక్కెర లేదంటే ఎవరైనా నమ్ముతారా?" అన్నాడు.

దాని చేతిలో ఏదో ఉందట. మరి నా చేతిలో ఏముంది, బూడిదా?

తల్లి పోయేనాటికి వాడు ఇంకా నడక కూడా కుదురుకోని పిల్లాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది తను. కార్ఖానాలో చేరిన మొదటి సాయంత్రం, విరిగిన బిళ్ళలు నాలుగు కాగితంలో చుట్టి పనిచొక్కా జేబులో వేసుకుని తెచ్చింది. గుమ్మంలోనే వాడు ఆ జేబులో చెయ్యి పెట్టేశాడు. అప్పటినుంచి అదే వరస. వాడు చదువుకున్నాడు, గడియారాలు బాగుచేయడం నేర్చాడు, మీసాలు మొలిచాయి, మీసాలు నెరిశాయి, అయినా సాయంత్రం అక్క రాగానే జేబులో చెయ్యి పెట్టడం మానలేదు. తనకు వచ్చిన సంబంధాలను "వీడు ఎదగనీ" అంటూ వాయిదా వేసింది. వాడు ఎదిగేసరికి సంబంధాలు రావడం మానేశాయి. అందుకు ఆమె ఎన్నడూ ఏడవలేదు. జేబులో ఆ చెయ్యి ఉన్నంతకాలం ఏడవాల్సిన పని కనబడలేదు.

తర్వాత వాడికి షుగరు వచ్చింది. కాలి బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ మానక, మానక, చివరికి ఆ వేలినే తీసేశారు. చక్కెర ఒక్క పలుకు తగలకూడదని, పిండి ఎక్కువున్నదేదైనా కొలిచి తినాలని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి ఆమె జేబు ఖాళీ.

ఖాళీ అయినచోటికి మరదలు తన నీలం డబ్బాతో వచ్చి కూర్చుంది. మందుల షాపులో దొరికే తెల్లటి తీపిపొడి తెచ్చి, వెన్నతో సన్నసెగ మీద కరిగించి, వేయించిన బాదంపప్పు కలిపి, నూనె రాసిన కాగితం మీద పరిచి, ఆరాక ముక్కలు విరిచి డబ్బాకెత్తింది. రోజూ భోజనం కాగానే డబ్బా మూత టప్‌మని తెరుచుకుంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, ఆడపడుచు ముద్ద గొంతు దిగదు.

అది అసూయేనని ఎవరైనా అంటే ఆమె ఒంటికాలి మీద లేచేది. కాని అది అసూయే. ఎంత తిన్నా అరగని అసూయ. మరదలు మంచిది కాకపోతే కాస్త సులువుగా ఉండేది. గయ్యాళి అయితే గోడవతల వాళ్ళకు చెప్పుకుని తేలికపడొచ్చు. ఇది 'వదినా, వదినా' అంటూ నెత్తిన పెట్టుకునే మనిషాయె. మొగుడి పుండుకు కట్టు మార్చేటప్పుడు ముక్కు కూడా ముడవదు. అలాంటిదాని మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవాలంటే ఎంత ఓపిక కావాలి!

ఒకసారి ఆ బిళ్ళ ముక్క ఒకటి దొంగతనంగా తెచ్చి పెరటి కిటికీ గట్టు మీద పెట్టి చూసింది. జన్మంతా చీమలతో పోరాడిన మనిషి కదా, ఆమె దృష్టిలో చీమను మించిన న్యాయమూర్తి లేదు. చీమ వచ్చింది. చుట్టూ తిరిగింది. మీసాలు ఆడించి తన దారిన తాను పోయింది. ఆమె ఆనందం పట్టలేక ముందుగదిలోకి పరుగున వచ్చింది.

"చీమ కూడా ముట్టలేదురా నీ పెళ్ళాం మిఠాయి!"

"చీమకు షుగరు లేదు కదక్కా, దానికేం ఖర్మ," అన్నాడు తమ్ముడు. మొగుడూ పెళ్ళాం పడీపడీ నవ్వారు. ఆడపడుచు కూడా నవ్వవలసి వచ్చింది. ఆ నవ్వు ఇంకా ఆమె కడుపులో పుల్లగానే ఉంది.

తమ్ముడి మాట గుచ్చుకుని ఉన్న ఆరోజు మధ్యాహ్నం కార్ఖానాలో బాండీలు తోమించడానికని పని తొందరగా ఆపేశారు. దారిలో మందుల షాపు దగ్గర ఆగి, అదే తెల్లటి పొడి పొట్లం కొంది. బాదంపప్పు కొంది. నడక మధ్యలో ఊపిరి అందక ఒక దీపస్తంభాన్ని పట్టుకుని నిలబడింది. నిలబడి కూడా ఆలోచించింది ఒకటే: వాడు కళ్ళు మూసుకోవాలి. తన చేతిది తిని ఒక్కసారి వాడు కళ్ళు మూసుకోవాలి.

ఇంట్లో మరదలు లేదు, కట్టు గుడ్డలు తేవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. ముందుగదిలో తమ్ముడు కంటికి అద్దం బిగించుకుని ఒక చేతిగడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు. కట్టు కట్టిన కాలు ఎదుటి పీట మీద చాపి ఉంది.

"తొందరగా వచ్చావే?" అన్నాడు తల ఎత్తకుండానే.

"వంటింట్లోకి రాకు," అంది.

పప్పు మాడకుండా, పచ్చి మిగలకుండా వేయించింది. ఆ వాసన ఇల్లంతా నిండింది. బాండీలో పొడి వేసి కరిగించింది. నీళ్ళలా తేటగా కరిగింది. వేళ్ళు తడుపుకుని అందుకుని చూసింది. తీగ లేదు. ఇంకాసేపు ఆగింది. మళ్ళీ చూసింది. వేళ్ళ మధ్య అది నీళ్ళలా జారిందే తప్ప సాగలేదు.

మరదలు ఏనాడూ తీగ చూడలేదు. దానికి తీగ అంటే ఏమిటో తెలియదు, అందుకే దానికి కుదిరింది. కరగగానే పప్పు కలిపి పరిచేసేది. కాని ఈమె తీగ రానిదే బాండీ దించి ఎరగదు. సెగ పెంచింది. పొడి పొగ చిమ్మింది. దించి కలిపేసరికి తెల్లగా గడ్డకట్టి, పప్పు చుట్టూ పాత గోడ సున్నంలా పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. ఒక పెళ్ళ నోట్లో వేసుకుంది. నాలుక మీద చల్లగా, మందుబిళ్ళ చప్పరించినట్టుంది.

"పాడు పొడి," అని తిట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని తనకే తెలిసి ఇంకా మండింది.

మిగిలిన పొడి మళ్ళీ బాండీలో పోసింది. కరిగింది. తీగ లేదు. కళ్ళు అలమర పై అరలోని చక్కెర సీసా మీదికి పోయాయి. వచ్చేపోయేవాళ్ళ టీ కోసం ఉంచిన చక్కెర అది. ఒక్క పలుకు తగలకూడదన్నాడు డాక్టరు. డాక్టర్లు అలాగే అంటారు. ఇన్ని బిళ్ళల్లో ఒక్క గుప్పెడు ఏ మూలకు? అనుకుంది. గుప్పెడు పడింది. తీగ సన్నగా తలెత్తింది. ఇంకొక్క గుప్పెడు. ఇంకొంచెం.

ఈసారి వేళ్ళ మధ్య తీగ సాగింది. బంగారు రంగులో, వెంట్రుకంత సన్నగా, తెగకుండా. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పప్పు కలిపి కంచు పళ్ళెంలో పోసి పరిచింది. పాకం అద్దంలా పేరుకుంది, లోపల బాదంపప్పు ఒక్కొక్కటి స్పష్టంగా కనిపిస్తోంది. మరదలు డబ్బాలో ఎప్పుడైనా ఇలాంటిది కనబడిందా?

ఆరిన ముక్కలు విరుస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. మరదలు వచ్చింది. వాసనకు తమ్ముడూ లేచి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వెనకే వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"నీకోసమే చేశాన్రా. నువ్వు తినేదే, ఆ పొడితోనే," అంది ఆమె. పళ్ళెం వాడి ముందుకు జరిపింది.

తమ్ముడు ముక్క తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. నుదుటి మీదికి తోసుకున్న అద్దాన్ని కంటి మీదికి దించుకుని మరీ చూశాడు. "ఏం మెరుపక్కా ఇది!" అన్నాడు.

మరదలు పళ్ళెంలోకి తొంగిచూసింది. చేతిలోని గుడ్డల సంచి కింద పెట్టడం మరిచిపోయింది. "నాకెప్పుడూ ఇలా కుదరలేదు వదినా. నావన్నీ తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తాయి," అంది. నవ్వబోయింది గాని ముఖం చిన్నబోయింది.

ఆ చిన్నబోయిన ముఖం కోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురుచూసింది! కళ్ళారా చూసుకుంది. కడుపు నిండింది. తమ్ముడు ముక్కను నోటి దగ్గరికి తీసుకువెళుతూ, చిన్నప్పటిలాగే ముందుగానే కళ్ళు మూసుకున్నాడు. స్టూలు కింద నేల మీద వాడి కట్టు కాలు ఉంది. బొటనవేలు ఉండాల్సినచోట గుడ్డ లోపలికి నొక్కుకుపోయి ఉంది.

ఆమె వాడి చేతి మీద ఫెడీమని కొట్టింది. ముక్క ఎగిరి గచ్చు మీద పడి రెండైంది.

"ఏమైందక్కా!"

"తినకు. ఉప్పు ఎక్కువ పడింది."

"పడితే పడింది. ఉప్పగానే తింటాను, ఇటివ్వు."

"మాడింది కూడా. ఇవ్వను." పళ్ళెం రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది.

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "నువ్వు పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. పెట్టినట్టే పెట్టి లాక్కోవడమేంటి? నీ మరదలు మెచ్చుకోవడం కూడా ఓర్వలేకపోయావా?" అని, పెళ్ళాం వైపు తిరిగి, "నీ డబ్బా ఇటు తేవోయ్. మనకు అదే మేలు," అన్నాడు.

డబ్బా మూత టప్‌మంది. వాడు కావాలనే గట్టిగా కరకరలాడించాడు.

చక్కెర అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు రాలేదు. పాకమక్క తీగ కోసం తమ్ముడికి చక్కెర కలిపిందని మరదలి ముందు ఎలా చెప్పుకుంటుంది? అలా చెప్పుకోవడం కంటే ఓర్వలేనిదాన్నని అనిపించుకోవడమే నయమనిపించింది. ఎలాగూ అది నిజమే.

"నీ చేతిదే బాగుంటుందమ్మాయ్. వాడికి అదే పెట్టు," అంది మరదలితో. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

పళ్ళెం తీసుకుని పెరటి వైపు వెళ్ళి, కిటికీ గట్టు మీద పెట్టింది. కాస్త ఆయాసం తగ్గాక పారేద్దామనుకుంది. పక్కనున్న వెదురు కుర్చీలో కూర్చుని, ఎడమ భుజం నొక్కుకుని, తర్వాత చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

కోపం దిగాక ముందుగదిలోంచి తమ్ముడు అరిచాడు: "అక్కా, టీ తాగుతావా?" జవాబు రాలేదు. "అలిగినట్టుంది, నువ్వే తీసుకెళ్ళు," అన్నాడు పెళ్ళాంతో.

మరదలు కప్పు పట్టుకొచ్చి, "వదినా, టీ," అంటూ ఒళ్ళోని వేళ్ళకు ఆనించింది. ఆ వేళ్ళకు వేడి తెలియదన్నది ఇంటిల్లిపాదికీ తెలిసిందే గనక, అవి కదలకపోతే ఆమె మొదట ఏమీ అనుకోలేదు. "పట్టుకోండి వదినా," అని మళ్ళీ అంది. తర్వాత కప్పు నేల మీద పెట్టి, వదిన ముఖం తన వైపు తిప్పింది.

గుండె ఆగిపోయిందన్నారు. కార్ఖానావాళ్ళు వచ్చారు. పొయ్యిమనిషి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. తమ్ముడు వచ్చిన ప్రతివాళ్ళతో ఒకటే మాట: "కసురుకున్నాను. ఆఖరిమాట కసురుకున్నాను. ఉప్పుదైనా ఒక ముక్క పెట్టమంటే పెట్టలేదు, కసురుకున్నాను."

మర్నాడు జనమంతా వెళ్ళాక మరదలు పెరట్లోకి వచ్చింది. గట్టు మీద పళ్ళెం చూసి, కడుగుదామని చెయ్యి చాపి, ఆగిపోయింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

తమ్ముడు గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"నా బిళ్ళలకు ఒక్కనాడూ చీమ పట్టలేదండీ," అంది మెల్లగా.

వాడు అలమర దగ్గరికి వెళ్ళి చక్కెర సీసా తెచ్చి, ఎంత తరిగిందో చూశాడు. మళ్ళీ వచ్చి గట్టు ముందు కూర్చున్నాడు. తన చేతి మీద, అక్క కొట్టినచోట, రెండో చేత్తో తడుముకున్నాడు. మరదలు పళ్ళెం తీయబోతే, "ఉండనీ," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తను చేసిన ఏ బిళ్ళ తిన్నప్పుడూ ఆయన అలా కళ్ళు మూసుకోలేదని మరదలికి అనిపించింది. చచ్చిపోయిన మనిషి మీద అసూయపడటం ఎంత సిగ్గుచేటో ఆమెకు తెలుసు. తెలిసీ పడింది. నీలం డబ్బా ఆ పూట తెరవలేదు.

గట్టు మీద, కంచు పళ్ళెంలో, బంగారు రంగు బాదంబిళ్ళల చుట్టూ చీమలు వచ్చేవి వస్తూనే ఉన్నాయి.