అట్టపెట్టెలో వెండి సంచి

"గాజు లేదు, బరువు లేదు, భూమికి భారం లేదు!" అంటూ దొర కూతురు అన్నెలీ గోధుమరంగు అట్టపెట్టెను పసిబిడ్డలా పైకెత్తి చూపించింది. పెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ. లోపల షెనిన్, కొలంబార్ ద్రాక్షలు కలిపి చేసిన తెల్ల వైన్. కేప్‌టౌన్ నుంచి వచ్చిన అతిథులు ఆ అట్టను తడిమి తడిమి చూసి, భూమిని తామే గట్టెక్కించినంత తృప్తిగా తలలూపారు.

ద్రాక్షతోటలో కోత ముగిసిన శనివారం అది. కూలీల వరసలో ఏడాదిన్నర పిల్లను చంకనేసుకున్న లిజెల్ ఆ ఆకు వైపు చూడలేదు. మొగుడు డెన్వర్ చేతులనే చూస్తోంది. అతను తాగుడు మాని ఐదు నెలలు. ఇవాళ ఇంటికో పెట్టె కానుకట.

"అట్ట చింపితే మన పాత వెండి సంచే కదే?" గొణిగింది అత్త సన్నా.

"అదే అత్తా. మూడు వారాలుగా పెట్టెల్లో కూరుతున్నది నేనే కదా."

"మనం తాగితే దరిద్రం. ఆకు బొమ్మ అంటిస్తే పుణ్యం!"

లిజెల్ నాన్న ప్రతి శుక్రవారం చవక వైన్ నింపిన అలాంటి వెండిరంగు ప్లాస్టిక్ సంచితోనే ఇంటికొచ్చేవాడు. ఖాళీ అయ్యాక అమ్మ దాన్ని కడిగి, గాలి ఊది, పిల్లలకు తలగడ చేసేది. తల తిప్పితే కరకరమనేది. ఎంత కడిగినా పులిసిన వాసన పోయేది కాదు. పెట్టె లేకుండా విడి సంచుల్లో వైన్ అమ్మొద్దని ప్రభుత్వం చెప్పేనాటికి నాన్న బతికి లేడు.

"డెన్వర్, ఇది నీది. కాస్త నవ్వు, ఫోటో!" అన్నెలీ పెట్టె అందించింది. డెన్వర్ చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి.

లిజెల్ పిల్లను అత్త చేతుల్లో పడేసి, పెట్టె లాక్కుంది. అట్ట చింపి, సంచి బయటికి లాగి, దానికున్న చిన్న కుళాయి తిప్పి వైనంతా నేలమీద పారబోసింది.

"అయ్యయ్యో, ఏంటి లిజెల్ ఇది!"

"భూమికి భారం కాకూడదన్నారుగా మేడమ్. మేం ఈ సంచులు ఎన్నేళ్ళ నుంచో పారేయట్లేదు. చూడండి."

"ఇలా ఇవ్వు, నేను ఊదుతా," అన్నాడు డెన్వర్.

"నువ్వొద్దు!"

అంత గట్టిగా అరవాలని ఆమె అనుకోలేదు. కుళాయి అంచున ఇంకా ఒక చుక్క వేలాడుతోంది. దాన్ని గౌను అంచుతో తుడిచి, కళ్ళు తిరిగేదాకా తానే ఊదింది.

"తలగడ! ఎంత బావుందో!" అతిథులు చప్పట్లు కొట్టారు. "ఈ తలగడ బొమ్మ కూడా పెట్టె మీద వేయించండి." అన్నెలీ నిజంగానే రాసుకుంది.

"వేయించు తల్లీ. పక్కనే మా సమాధులు కూడా వేయించు," అంది సన్నా. అన్నెలీ హాస్యమనుకుని పకపకా నవ్వింది.

డెన్వర్ తడిసిన నేలను ఒక్కసారి చూశాడు. తర్వాత తూగుతున్న పిల్లను భుజానేసుకుని, తల కింద ఆ సంచి సర్దాడు. ఇంటిదాకా కరకరమంటూనే ఉంది. చుక్కైనా మిగిలిందేమోనని దారిలో లిజెల్ రెండుసార్లు దాన్ని నొక్కి చూసింది.

గాలే.