సుమో తోక

ల్యాబ్‌లో అందరూ చాటుగా ‘తొందర సారు’ అనుకునే పెద్దాయన ప్రొటీన్ చారలు పడ్డ ఫిల్మ్ పట్టుకుని గంతులేస్తున్నాడు.

"చూడమ్మా! మంచి కణాల్లో మన ప్రొటీన్‌కి సుమో తోక అంటుకునే ఉంది. రోగి కణాల్లో లేదు. రోగానికి కారణం దొరికేసింది!"

పరిశోధకురాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పరీక్ష కోసం మంచి కణాలు పగలగొట్టింది తను. రోగి కణాల్ని తన చేతిలోంచి లాక్కుని పగలగొట్టింది ఆయన. కణం పగలగానే అందులోని ఎంజైములే సుమో అనే ఆ బుల్లి ప్రొటీన్ తోకని కత్తిరించేస్తాయి. వాటిని ఆపే మందు నీళ్ళలో పూట కూడా నిలవదు, అప్పటికప్పుడు కలపాల్సిందే.

"మందు ఎప్పుడు కలిపారు సార్?"

"నిన్నే కలిపి పెట్టుకున్నా. పని త్వరగా తెమలాలి కదమ్మా!"

"ఇంకా నయం, పోయినేడు కలపలేదు! ఆ రోగి ఇచ్చిన కణాలన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. తోక కోసింది రోగం కాదు సార్, మీరు!"