తెగదెంపుల వంతెన

నా భర్త యసుహికో అస్థికలు సమాధిలో ఉంచిన రోజు, భోజనాల దగ్గర ఆయన పెదనాన్న కొడుకు మొరియో కాస్త ఎక్కువ తాగాడు.

"వదినా, అన్నయ్య నీకు చెప్పాడో లేదో. ఆకులు ఎర్రబడకముందు మత్సుషిమలో కనిపించాడు. ఎర్ర వంతెన మీద. పక్కన ఒకావిడ, ఆల్చిప్పల కొట్టు ఏప్రన్ కట్టుకుని. చెయ్యి పట్టుకుని మరీ నడుస్తున్నారు."

అతని భార్య మోచేత్తో పొడిచింది. "ముందు మీరు తినండి."

"నేనేమన్నాను? వంతెన బాగుందన్నాను."

అక్కడ ఎర్ర వంతెన ఒకటే కాదు. ఏదని అడిగాను.

"అదే, తెగదెంపులది," అని గిన్నె ముందుకు లాక్కున్నాడు.

వెనకటికి సన్యాసులు ఆ వంతెన దాటి, అవతలి దీవి గుహల్లో కూర్చుని లోకంతో తెంచుకునేవారట. ఇప్పటికీ మావాళ్ళు ఎవరినైనా వదిలించుకోవాలంటే దాన్ని దాటుతారు. కలిసి దాటితే విడిపోతారని జంటలు దాని ఛాయలకు పోవు. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒక్కసారీ దాటలేదు. మరొక ఆడమనిషి చెయ్యి పట్టుకుని ఆయన ఎవరితో తెంచుకోవడానికి వెళ్ళినట్టు? నేను తప్ప ఆయనకు ఉన్నదెవరు?

ఆదివారం మత్సుషిమ వెళ్ళడానికి షియొగామలో పడవ ఎక్కాను. మైకులో ఒక్కొక్క దీవి పేరూ చెబుతున్నారు. అందరూ ఫొటోల కోసం ఒకవైపుకు వంగుతున్నారు. నేను కిటికీ అద్దంలో నా ముఖమే చూస్తూ కూర్చున్నాను. రేవులో దిగాక ఎదురైన ప్రతి నడివయసు ఆడమనిషి వైపూ చూశాను. ఇలా చూడడం నాకు అలవాటు లేదు.

వంతెన దగ్గర్లో కొట్టు ఒకటే ఉంది. నా వయసావిడ చేతికి తొడుగు వేసుకుని, చాకుతో ఆల్చిప్పలు విప్పుతోంది. కాల్చినవి ఒక పళ్ళెం తీసుకుని, ఎదురుగానే కూర్చుని తిన్నాను.

"యసుహికో అని, ఐసు లారీ నడిపేవారు. ఇక్కడికి వచ్చేవారా?"

చాకు ఆగింది. తప్పు చేసిన పిల్లలు ముందు తమ చేతులు చూసుకుంటారు. ఆమె నా పళ్ళెం చూసింది.

"మీరు టీచరుగారా?"

"ఎలా తెలుసు?"

"తిన్న చిప్పలు బోర్లా పెడతారని ఆయనే చెప్పారు."

పళ్ళెంలో అన్నీ బోర్లానే ఉన్నాయి. ఇంట్లో మా ఇద్దరికే తెలిసిన సంగతి అది. ఇంకేమేం చెప్పి ఉంటారు?

"మీరు ఆయనతో ఆ వంతెన దాటారు."

"దాటాను."

"ఎందుకు?"

ఆమె పొయ్యి మీద చిప్పలు తిరగేసింది. "ఆ దగ్గును వదిలించుకోవాలన్నారు. ఇక నయం కాదని సెండాయి ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు అప్పటికే. మీకింకా చెప్పలేదన్నారు. గాలి బాగా ఉంది ఆ రోజు, ఒక్కరే నడవలేకపోయారు."

"నన్ను తీసుకెళ్ళవలసింది."

"మిమ్మల్నా? ఆ వంతెన మీదికా?"

ఎక్కం రాని పిల్లను నేను చూసినట్టే ఆమె నన్ను చూసింది. జబ్బును తెంచబోయి భార్యను తెంచుకుంటాడా ఎవరైనా? అయినా నా మనసు ఊరుకోలేదు. అబద్ధాలు కూడా చక్కగా అతుకుతాయి.

"ఊళ్ళో ఇంతమంది ఉండగా, మిమ్మల్నే ఎందుకు పిలిచారు?"

ఆమె ముఖం ఎర్రబడింది. నా అనుమానం నిజమే అనుకున్నాను.

"చెప్తే బాగుండదు. 'తోషిమీ, మొగుడు పోయాడు, అత్త పోయింది, కొడుకు ఫోనైనా చెయ్యడు. నీకింక తెగేదేముంది, రా' అన్నారు. ఒళ్ళు మండిపోయిందండీ. పొయ్యిలోకి తోసేద్దామనుకున్నాను. కానీ అంతలా దగ్గుతుంటే ఎలా ఊరుకుంటాను?"

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది. మా అమ్మ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళతో, 'ఇక మా ఇంట్లో సూప్‌కి వంక పెట్టేవాళ్ళు లేరు' అన్న మనిషి ఆయన. మనసుపడ్డ ఆడదానితో ఎవరూ అలా మాట్లాడరు. ఆ మాట ఈమె కల్పించనూ లేదు. ఆ నోరు ఒక్కరిదే.

జబ్బు సంగతి నాకన్నా ముందు ఈమెకు తెలిసిందన్నది మాత్రం మింగుడుపడలేదు. దానికి ఆమెను అనవలసిందేమీ లేదు.

తోషిమి ఏప్రన్ విప్పి మేకుకు తగిలించింది. "పదండి, ఆయన ఎక్కడ కూర్చున్నారో చూపిస్తాను."

వంతెన దాకా కలిసి నడిచాం. ఆమె ముందుగా దాని మీద అడుగుపెట్టి, వెనక్కి తిరిగి చెయ్యి చాచింది.

"రండి టీచరుగారూ. ఇప్పుడు మీకూ భయం లేదు కదా. ఇంకేముంది తెగడానికి?"

"ఉంది," అన్నాను.

ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దించేసింది.

"ఇక్కణ్ణుంచి కనిపిస్తుందా ఆ చోటు?" అని అడిగాను.

వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. "ఆ వంగిన పైన్ చెట్టు కింద. అది కాదండీ, దాని పక్కది. బండరాయి ఉంది చూడండి."

చూశాను.