పైకి తోసుకున్న గాజులు

ఈ 1958 వేసవికి నా పెళ్ళయి రెండు నెలలు. మదురైలో బి.ఏ. చదివిన రోజుల్లో చేతికి గడియారం తప్ప ఏమీ పెట్టని నేను, రాజపాళయం కోడలినయ్యాక చేతికి డజను చొప్పున ఎర్రగాజులు వేసుకుని, కాఫీ కలిపేటప్పుడు కూడా అవసరానికి మించి చెయ్యి ఆడించేదాన్ని. మా ఆయన శ్రీరంగ పేపర్ వెనక నవ్వుకునేవారు. "చక్కెర ఎప్పుడో కరిగిపోయినాది," అనేవారు.

ఆ సంబరం వంటింటి వరకే. నా తోడికోడలు వేదవల్లి అక్క గది గడప దగ్గర మాత్రం గాజులన్నీ మోచేతి దాకా తోసుకుని, మోగకుండా బిగించి లోపలికి వెళ్ళాలి. అది అత్తగారు జానకియమ్మాళ్ ఆజ్ఞ.

కడుపుతో ఉన్నవాళ్ళకు ఏడో నెలలో రెండు చేతుల నిండా గాజులు తొడిగే వేడుకను ఇక్కడ వళైకాపు అంటారు. ఆ చప్పుడు విని లోపలి బిడ్డ తల్లిని గుర్తుపడుతుందని నమ్మకం. అక్కకు ముహూర్తం పెట్టి, గాజులు కొన్నాక, వేడుక ఇంకా ఎనిమిది రోజులుందనగా పాప పుట్టేసింది. మూడు పౌన్ల బరువు. ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచి పంపారు. ఇంట్లో దూది పరిచి బుట్టలో పడుకోబెట్టాం. గాజులు కంటబడితే అక్క బాధపడుతుందని అత్తగారు ఆ పెట్టెను బియ్యం మూట వెనక దాచేశారు.

పాప కొద్దికొద్దిగా ఒళ్ళు చేస్తోంది. చిక్కిపోతున్నది అక్కే. పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసి ఇచ్చేది కానీ పాపను ఎత్తుకునేది కాదు.

రోజూ వచ్చే నర్సు తంగమ్మాళ్, "పిల్లకు ఇప్పుడు కావలసింది నీ ఒంటి వేడి. ఎత్తుకోమ్మా," అనేది.

"నా చెయ్యి వణుకుతాది," అని అక్క గోడవైపు తిరిగేది.

వచ్చిన చుట్టాలు బుట్టలోకి తొంగిచూసి వెళ్ళేవారు. అక్కను ఎట్లా ఉన్నావని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఒక ఉదయం మా ఆయన సేత్తూరు నుంచి సైకిల్ మీద లేత తాటిముంజలు తెచ్చారు. ఆ హుషారులో గాజుల సంగతి మరిచి గలగలమంటూ అక్క గదిలోకి పరుగెత్తాను. ఏడుస్తున్న పాప టక్కున ఆగి నావైపు తల తిప్పింది. మురిసిపోయి మళ్ళీ చెయ్యి ఆడించాను. అక్క వైపు చూస్తే ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"ఏమక్కా? ఎట్లుంది నీకు?" మొదటిసారి అడిగాను.

"నీ గాజులు గుర్తుపట్టినాది. నావి అది విననే లేదు కదా. నెలలు నిండకముందే బయటికి తోసేసిన తల్లిని. ఎత్తుకుంటే ఎవరో అనుకుని ఏడుస్తాది. ఆ ఏడుపు నేను తట్టుకోలేను."

ముంజలు అక్కడే పెట్టి నేరుగా అత్తగారి దగ్గరికి వెళ్ళాను.

"అత్తా, అక్కకు వళైకాపు చేద్దాం."

ఆవిడ చేట కింద పెట్టారు. "బి.ఏ.లో ఇదేనా నేర్పినారు? బిడ్డ పుట్టినాక వళైకాపా? ఊరంతా నవ్వుతాది."

"పాప తొందరపడినాది, మనం ఆలస్యం చేసినాము. అంతే కదా?" అని, అక్క అన్న మాటలన్నీ చెప్పాను.

అత్తగారు బియ్యం మూట వైపు చూశారు. "చూస్తే ఏడుస్తాదని దాచినాను. దాచినందుకా ఏడుస్తున్నాది," అన్నారు మెల్లగా. లేచి బియ్యం మూట పక్కకు జరిపారు. "నవ్వేవాళ్ళకు పులిహోర తక్కువ పెడదాంలే."

శుక్రవారం పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం వండాం. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చారు, అలవాటుగా గాజులు పైకి తోసుకునే. పాప బుట్టను అక్క పక్కనే పెట్టాం. అత్తగారు మొదట వేపఈనెలు చుట్టి చేసిన గాజు, తర్వాత ఎర్రవీ పచ్చవీ ఒక్కొక్కటే తొడిగారు.

"వేదా, నువ్వు తోసెయ్యలేదమ్మా. నిన్ను చూడాలని అదే ముందు వచ్చినాది."

అక్క చేతులు వణికాయి. వణికేసరికి గాజులన్నీ ఒక్కసారిగా మోగాయి. బుట్టలో పాప అటువైపు తల తిప్పి, నోరు తెరిచి వెతికింది.

ఎవరూ ఎత్తుకోమనలేదు. అక్క ఆ వణికే చేతులే దూదిలోకి పోనిచ్చి పాపను ఎత్తి గుండెకు ఆనించుకుంది. పాప ఏడవలేదు. కాసేపు ముక్కుతో పొడిచి, చివరికి రొమ్ము పట్టుకుంది. చుక్ చుక్ మని చప్పుడు. తంగమ్మాళ్ ఉగ్గుగిన్నెను బోర్లించి, "ఈ పూట దీనికి పని లేదు," అంది.

అత్తగారు కళ్ళు తుడుచుకుని మావైపు తిరిగారు. "ఏమే, ఇంకా బిగబట్టుకుని నిలుచున్నారు? దించండి."

అందరం మోచేతుల నుంచి గాజులు దించుకున్నాం. నేనైతే రెండు చేతులూ ఎత్తి మరీ ఆడించాను. వసారాలో మా ఆయన దగ్గారు. నవ్వు ఆపుకోలేనప్పుడు ఆయన అలాగే దగ్గుతారు.