పనసగింజల కూర ఎవరికిష్టం

ఇంటాయన పోయిన మూడో నెల దానానికి ముందురోజు మధ్యాహ్నం, అంబలంగొడ బస్సు దిగి వచ్చిన నందావతి చేతిసంచీ కింద పెట్టకుండానే వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీది మట్టికుండ మూత తీసి చూసింది. వేయించి నూరిన కొబ్బరిలో పనసగింజలు కుతకుత ఉడుకుతున్నాయి. ఆ వాసనకి పెరట్లో కొబ్బరి తురుముతున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లకే నోరూరుతోంది. నందావతి మాత్రం మొహం చిట్లించింది.

"ఇదెవరికి?" అంది.

"ఎవరికేమిటి వదినా, మీ తమ్ముడికే. ఆయనకి ప్రాణం కదా," అంది మల్కాంతి.

"తిలకసిరికా?" నందావతి మూత ఠక్కున పెట్టేసింది. "చచ్చినా పనసగింజ ముట్టనన్నాడు వాడు. అలాంటివాడికి చచ్చాక వండిపెడుతున్నావా? నువ్వింకెవర్నో తలుచుకుని వండినట్టున్నావే తల్లీ."

నందావతి నోట్లో నువ్వుగింజ నానదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మనసులో ఏ కల్మషమూ పెట్టుకుని అన్న మాట కాదది. అయినా మల్కాంతి చేతిలో గరిటె ఆగిపోయింది.

పోయినవాళ్లు ఏది ఇష్టంగా తినేవారో అది వండి భిక్షువులకి వడ్డిస్తే ఆ పుణ్యం పోయినవాళ్లకి చేరుతుంది. అటువైపు ఉన్నవాడి ఆకలి తీరే దారి అదొక్కటే. తిలకసిరి పోయిన ఏడో రోజు దానానికి చుట్టాలే అన్నీ చేసేశారు, అప్పుడు మల్కాంతికి ఒంటిమీద స్పృహ లేదు. ఈసారి మాత్రం ఎవర్నీ పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తన చేత్తోనే ఆయనకిష్టమైనది వండాలని పట్టుబట్టింది. తీరా ఇప్పుడు ఆడపడుచు వచ్చి, అది వాడికి ఇష్టమే కాదు పొమ్మంటోంది.

నందావతి సంచీ దింపి, పీట వాల్చుకుని, కథంతా విప్పింది. వాళ్ల చిన్నతనంలో బియ్యం దొరకని కరువు రోజులొచ్చాయి. పొద్దున పనసకాయ, రాత్రి పనసగింజలు, మర్నాడు మళ్లీ అదే. నెలల తరబడి తిని తిని, ఒకనాడు తిలకసిరి తిన్నదంతా కక్కేసి, ఇక జన్మలో ముట్టనని తల్లి ముందు ఒట్టేశాడట. ఆ తర్వాత ఎన్ని మంచిరోజులొచ్చినా ఒట్టు తప్పలేదట.

"కానీ నా చేతివి తిన్నారు వదినా. పనసలు పండిన ప్రతి ఏడూ తిన్నారు," అంది మల్కాంతి.

"తిని ఉండడు," అని నందావతి తేల్చేసి, కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లింది.

ఇక పెరట్లో సభ మొదలైంది. పక్కింటి లీసీ తిలకసిరికి ఎండుచేపల పులుసే ఇష్టమని ఒట్టేసి చెప్పింది. కాదు, అరటిపువ్వు వేపుడని ఇంకొకామె. దాల్చినచెక్క వొలిచే పాకలో ఆయన పక్కనే కూర్చుని పనిచేసినామె, ఆ మనిషి టీలో బెల్లంముక్క తప్ప దేనికీ ఆశపడలేదని అంది. అందరూ తలా ఒకటి చెప్పారు గానీ ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోలేదు. ఉల్లిపాయలు వొలుస్తున్న కూతురు దిల్రుక్షిని అడిగితే, "నాన్న ఏది పెడితే అది తినేవాడమ్మా" అని తల వంచుకుని మళ్లీ కత్తిపీట మీదకి వంగింది.

మల్కాంతికి గాబరా పుట్టింది. మొగుడికి ఏది ఇష్టమో ఊరంతా కలిసి వెతకాల్సి రావడమేమిటి? ఆయన పక్కన అన్నేళ్లు బతికింది తనా, వీళ్లా? పోనీ కళ్లు మూసుకుని ఆయన తినేటప్పటి మొహం గుర్తు తెచ్చుకుందామని చూసింది. మొహం రాలేదు. వచ్చినవాడు రణవీర.

రణవీర ఆమెకి ఏమీ కాడు. పెళ్లయిన మరుసటేడు రోడ్డు కొలవడానికి వచ్చి, కొన్నాళ్లు వాళ్ల ముందుగదిలో అద్దెకున్న కుర్రాడు. ఆమెని "అక్కా" అని పిలిచేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె పనసగింజల కూర వడ్డిస్తే, రెండు ముద్దలు తిని తలెత్తి, "ఇది మీరే వండారా?" అని అడిగాడు. అంతే. అంతకుముందు ఆమె వంటని ఎవరూ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పళ్లెం సగం ఖాళీ అయ్యేసరికి బయట జీపు హారన్ మోగింది. రణవీర పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించి, "ఉంచండక్కా, వచ్చి తింటాను" అని చొక్కా చేతులు మడుచుకుంటూ పరుగెత్తాడు. మళ్లీ రాలేదు. ఎక్కడికో బదిలీ అయిందని, వారం పోయాక ఇంకెవరో వచ్చి అతని పెట్టె పట్టుకుపోయారు.

ఆ కుర్రాడి చెవి పక్కన పుట్టుమచ్చ ఉండేది. ఎడమ మోచేతి దగ్గర చొక్కా కాస్త చిరిగి ఉండేది. ఇవన్నీ నిన్న చూసినట్టు కళ్లకి కడుతున్నాయి. కడుపున బిడ్డనిచ్చిన మనిషి పెళ్లినాడు ఏ రంగు పంచె కట్టాడో గుర్తులేదు! ఇదెక్కడి విడ్డూరమో ఆమెకి అంతుపట్టలేదు. రణవీర మీద ఆమెకి ఆశ ఏనాడూ లేదు. ఆ సంగతి ఎవరు నిలదీసి అడిగినా చెప్పగలదు. ఆశే లేకపోతే వాడు మనసులోంచి పోడేం?

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ సాయంత్రం తిలకసిరి పాక నుంచి వచ్చి, బోర్లించి ఉన్న పళ్లెం చూసి, ఎవరిదని అడిగాడు. "మీకే ఉంచాను" అంది తను. అలా ఎందుకందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆయన కూర్చుని చివరి గింజ దాకా తిన్నాడు. ఆనాటి నుంచే, ఆయనకీ కూర ఇష్టమని ఆమె మనసులో పడిపోయింది. లేక తినడం కూడా తను కల్పించుకున్నదేనా? వదిన అంత గట్టిగా చెబుతుంటే మల్కాంతికి తన జ్ఞాపకం మీదే నమ్మకం సడలింది.

దీపాల వేళకి గుడికి వెళ్లి, భిక్షువుల్లో పెద్ద స్వామితో మర్నాటి వేళ మాట్లాడి, లేచే ముందు సంగతి కదిపింది. పేర్లేవీ చెప్పకుండా, పోయినవాడికి ఇష్టం లేనిది వడ్డిస్తే తప్పా అని మాత్రం అడిగింది. పెద్ద స్వామి నవ్వాడు.

"మేం ఏది పెట్టినా తింటాం ఉపాసికా. అతనికి చేరేది కూర కాదు. రేపు పుణ్యం ధారపోస్తూ గిన్నెలో నీళ్లు పోసేటప్పుడు నీ మనసులో ఎవరుంటే వాళ్లకి చేరుతుంది. అతన్ని బాగా తలుచుకో, చాలు."

గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా అయింది ఆమె పని. కూరైతే మార్చవచ్చు, రేపటికి ఇంకోటి వండవచ్చు. మనసులోకి ఎవరొస్తారో ఆమె చేతిలో ఉందా? దారి పొడుగునా తిలకసిరి, తిలకసిరి అనుకుంటూ నడిచింది. పేరు వచ్చింది, మనిషి రాలేదు. ఇంటి మలుపు దగ్గర మళ్లీ ఆ కుర్రాడే, చొక్కా చేతులు మడుచుకుంటూ. రేపు పుణ్యమంతా ఎక్కడున్నాడో తెలియని పరాయివాడి పాలైతే, ఇంటాయన అక్కడ ఖాళీ పళ్లెం ముందు కూర్చోవాలి కదా అనుకునేసరికి ఆమెకి ఏడుపొచ్చింది.

తెల్లవారింది. ముందుగదిలో చాపల మీద తెల్లగుడ్డలు పరిచారు. భిక్షువులు వచ్చే వేళ అవుతోంది. మల్కాంతి పనసగింజల కూరని గిన్నెలోకి వంచి, పట్టుకుని గడప దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి రావడం దిల్రుక్షి చూసింది. తల్లి చేతిలోంచి గిన్నె తీసుకుని, తలుపు ఓరగా వేసింది.

"నిన్న అందరి ముందూ చెప్పలేకపోయానమ్మా. నాన్న తినేవాడు. నువ్వన్నది నిజమే."

"తినేవారు కదా! మరి మీ అత్త..."

"అత్త చెప్పిందీ నిజమే. నువ్వు లోపలికి వెళ్లేదాకా ఆగి, ఒక్కో గింజా మాత్ర మింగినట్టు నీళ్లతో మింగేవాడు. అమ్మకి చెప్పొద్దనేవాడు. నేనోసారి అడిగాను, అంత కష్టంగా ఉంటే ఎందుకు తింటావని."

"ఏమన్నారు?"

"ఆ కూర వండిన రోజు మీ అమ్మ మొహం వేరేగా ఉంటుంది. నాలుగు గింజలు మింగితే నాకేం పోయిందీ, అన్నాడు."

మల్కాంతి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. ఆయనకి తెలుసా? ఆ మొహం ఎందుకు వేరేగా ఉండేదో తెలిసే మింగాడా, తెలియక మింగాడా? మొదటినాడు ఆ పళ్లెం తనకే ఉంచిందని నమ్మి, ఆ నమ్మకం మీదే అన్నేళ్లూ తింటూ వచ్చాడా? లేక ఎవరి ఎంగిలో ఎరిగే కూర్చున్నాడా? అడుగుదామంటే మనిషి లేడు. దుఃఖం రావాల్సిన చోట ఆమెకి ముందు ఒళ్లు మండే కోపమొచ్చింది. ఒక్క మాట, వద్దు అన్న ఒక్క మాట అని ఉంటే ఏం కొంప మునిగేది?

బయట శంఖం వినపడింది. నందావతి తలుపు తోసి, కూరలన్నీ వరసలో పెట్టారా అని అడిగింది. మల్కాంతి పనసగింజల గిన్నె మీద మూత పెట్టి గూట్లోకి తోసేసింది.

"ఇది వద్దు వదినా. ఇంక ఆయన తినక్కర్లేదు," అంది.

నందావతి ఏదో అనబోయి, మరదలి మొహం చూసి, జన్మలో మొదటిసారి నోరు మూసుకుంది.

భోజనాలయ్యాక భిక్షువులు మంత్రం అందుకున్నారు. పళ్లెంలో గిన్నె పెట్టారు. మల్కాంతి కూజా పట్టుకుంటే, దిల్రుక్షి, నందావతి ఆమె చేతుల మీద చేతులు వేశారు. నీటి ధార సన్నగా గిన్నెలో పడుతోంది. ఆమె కళ్లు మూసుకుంది. అలవాటైన దారిలో ముందు ఆ కుర్రాడే వచ్చాడు. ఆమె తరిమేయలేదు. అతని వెనక వంటింటి గడప కనిపించింది, గడప ఇవతల పీట మీద తిలకసిరి కనిపించాడు. మూడు నెలలుగా ఎంత పిలిచినా పలకని మనిషి, దాల్చినచెక్క తొక్కలతో గోళ్లు ఎర్రబారిన చేత్తో నీళ్ల గ్లాసు పట్టుకుని, ఆమె చూస్తోందేమోనని గుమ్మం వైపు ఓరగా చూస్తూ, ఒక గింజ నోట్లో వేసుకుని గుటుక్కున మింగాడు. మీకేది ఇష్టమండీ, అని అడిగింది ఆమె లోలోపల. ఆయన జవాబు చెప్పకుండా ఇంకో గింజ తీసుకున్నాడు.

గిన్నె నిండి, పొర్లి, పళ్లెం కూడా నిండింది. మంత్రం ముగిసింది. కూజాలో చుక్క నీరు లేదు. ఆమె చేతులు మాత్రం ఇంకా వంచే ఉన్నాయి.

"చాలే, అయిపోయింది, దించు," అంది నందావతి చెవిలో.

మల్కాంతి కళ్లు తెరవలేదు.

"ఆగండి వదినా. ఆయన ఇప్పుడే వచ్చారు."